గృధ్రముఖము: ఓడరేవునుండి వినుకొండకు

చీరాలకు సమీపముననున్న ఓడరేవు తీరమున, మరపడవలను ఇసుకమీదికి లాగి, వాని అడుగున పట్టిన గుల్లలను, నాచును, తెల్లని పెచ్చులను జాలరులు గీచి పారవైచుచుండగా, ఆ కుప్పనుండి నేనొక పాత త్రాటిముక్కను ఏరుకొంటిని. దానిని అంటుకొని బెత్తెడైనను లేని గోధుమవన్నె కుచ్చులు కొన్ని వ్రేలాడుచుండెను. చూచువారెల్లరు దానిని పాచి యనియే తలంతురు. జాలరులును అట్లే వ్యవహరింతురు. కాని అది వృక్షజాతిలోనిది కాదు. వేలకొలది సూక్ష్మజంతువులు ఒండొంటిని వీడక గోడకు గోడ చేర్చి కట్టుకొన్న నివాససముదాయమది. ప్రాణిశాస్త్రజ్ఞులు ఈ తెగను బ్రయోజోవా యందురు. ప్రపంచమందలి సముద్రములన్నిటను వ్యాపించి, ఆరువేల జాతులదాక నేటికిని జీవించుచున్న ఈ తెగను గూర్చి మన తెలుగువారిలో వినినవారే అరుదు.

సమీపపట్టణమున జంతుశాస్త్రము బోధించు మిత్రుడొకడు ఆ సాయంకాలమే ఆ కుచ్చును సముద్రజలముతో గాజుపళ్లెరమునందుంచి సూక్ష్మదర్శినిక్రింద చూపెను. కుచ్చునందలి ప్రతి రెమ్మయు రెండు వరుసల గదుల కూర్పు; ఒక్కొక్క గది మిల్లీమీటరులో సగమునకు మించదు. కొంతసేపు కదలిక లేక యున్న పిమ్మట, ఒక గదినుండి సన్నని స్పర్శతంతువుల వలయమొకటి మెల్లగా పైకివచ్చి కిరీటమువలె విచ్చుకొనెను. దానిని చూచి కాబోలు, ప్రక్కగదులలోనివియు నొకటొకటిగా వెలికివచ్చెను. ఆ తంతువులమీది సూక్ష్మరోమముల చలనముచే నీరు వలయమధ్యమునకు ప్రవహించి, నీటితోపాటు కంటికి కానరాని ఆహారకణములు నోటిని చేరును. పళ్లెరముపై వ్రేలితో తట్టినంతనే సర్వమును లోపలికి ముడుచుకొనిపోయెను. ఇంతవరకు ఆశ్చర్యమే గాని విభ్రాంతి లేదు. విభ్రాంతి గొలుపునది గదుల ప్రక్కన నుండెను. పొట్టి మెడవంటి కాడపై నిలిచి, వంకరముక్కుతో, క్రిందిదవడతో, నున్నని నడినెత్తితో ఒక్కొక్క పక్షితల! ఆ తలలు మెడలపై ముందునకు వెనుకకు ఊగుచు, దవడలను మెల్లమెల్లగా వెడల్పుగా తెరచి, ఒక్కసారిగా మూయుచుండెను. మిత్రుడు సూదిమొన నొకదానికడ నుంచగా, అది దానిని కరచిపట్టి, సూదిని కదిపినకొలది రెమ్మయంతయు కదలుచున్నను విడువదాయెను.

ఇది మా కన్నులకు మాత్రమే తోచిన పోలిక గాదు. బీగిల్ అను ఓడలో భూప్రదక్షిణము చేయుచు 1833లోను, 1834లోను దక్షిణ అట్లాంటిక్ సముద్రమందలి ఫాక్లండ్ ద్వీపములలో దిగిన చార్లెస్ డార్విన్, ఆ చల్లని జలములలో దొరికిన ఈ తెగజీవులను పరిశీలించి, ఆ అవయవము రాబందు తలను మిక్కిలి పోలియున్నదనియు, అయితే పక్షిముక్కుకంటె దీని క్రిందిదవడ చాల వెడల్పుగా తెరచుకొనుననియు తన యాత్రాగ్రంథమున వ్రాసెను. సూదిని కరచిపట్టుటయు ఆయన చేసిచూచినదే. తలను గదినుండి కోసి వేరుచేసినను దవడ తెరచుకొనుట, మూసికొనుట మానకుండుట ఆయనను మరింత విస్మితుని జేసినది. ఈ తెగజీవులతో ఆయన పరిచయము అంతకుముందే కలిగినది. ఎడింబరోలో వైద్యవిద్యార్థిగా నున్నప్పుడు, 1827 మార్చి 27వ తేదీన, పదునెనిమిదేండ్ల వయస్సున, విద్యార్థుల ప్లీనియన్ సంఘమున ఆయన విన్నవించిన మొట్టమొదటి శాస్త్రవిషయములలో ఒకటి, ఇట్టిదే యగు ఫ్లస్ట్రా అను సముద్రజీవియొక్క డింభకములు తమంతట తాము నీటిలో ఈదగలవన్నది. ఆ పసివయస్సు కుతూహలము నలువదియైదేండ్లు గడచినను చల్లారలేదు. 1872లో వెలువడిన 'జాతుల ఉత్పత్తి' ఆరవ కూర్పున, సెయింట్ జార్జ్ మైవర్టు అను విమర్శకునికి సమాధానము చెప్పుచు, ఈ పక్షితలలనే మరల ప్రస్తావించెను. ఇట్టి విచిత్రావయవములు అంచెలంచెలుగా ఎట్లు పుట్టగలవని మైవర్టు ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానము గది మూతలో నున్నది. ఈ తెగలోని పెక్కు జాతులలో సాధారణ జీవి తన గదిద్వారమునకు చిన్న మూత గలిగియుండును. తాను లోనికి ముడుచుకొనినప్పుడు మూత పడును. పక్షితలగా కానవచ్చునదియు ఒకప్పుడట్టి జీవియే. కాలక్రమమున దాని మూత పెరిగి దవడయైనది. మూతను లాగు కండరములు బలిసి దవడను మూయు కండరములైనవి. లోపలి జీవి మాత్రము కృశించిపోయి, దాని తంతువలయము గాని, నోరు గాని, జీర్ణకోశము గాని మిగులలేదు. ఈ తలకు ఏవిక్యులేరియమని శాస్త్రనామము. దీనికి పొట్టలేదు. ఇది పట్టినది ఇది తినదు, తినలేదు. గదుల నడుమ గోడలలోని సన్నని రంధ్రములగుండ ఇరుగుపొరుగు జీవులు పంపు పోషకరసముచే ఇది బ్రదుకును. నివాసముపైకి ప్రాకివచ్చు చిన్న పురుగులను, ఇసుకరేణువంత రొయ్యజాతి ప్రాణులను కాలో మీసమో పట్టి విడువకుండుటయే దీని పని. అదియే దీని జీవితమంతయు.

మన సముద్రమున ఈ విద్యకు మూలపురుషులు లేకపోలేదు. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రశాఖలో ఆచార్య పి.ఎన్. గణపతియు ఆయన శిష్యులును 1950ల దశకమున, నౌకాశ్రయపు కొయ్యలకు, పలకలకు పట్టి బలియు జీవులను గూర్చి చేసిన పరిశోధనలు దేశవిదేశములలో ఎన్నికకెక్కినవి. ఓడరేవు జాలరి గీచి పారవైచు ఆ పెచ్చులే వారి పరిశోధనకు ద్రవ్యము. ఆ సంగతులు సామాన్యపాఠకుని చేరునట్లు తెలుగున విరివిగా వెలువడియుండిన ఎంత బాగుండునో!

మరునాడు వినుకొండకు బయలుదేరి, చిలకలూరిపేట మీదుగా నరసరావుపేట చేరి, అచటినుండి గుంటకల్లు దిక్కునకు పోవు రైలెక్కితిని. తీరపు ఇసుక, కొబ్బరితోటలు వెనుకబడి, నల్లరేగడి నేల మొదలగుటయు, ఇరుప్రక్కల మిరపకల్లములు కానవచ్చుటయు నొక్కసారియే జరిగెను. పరదాలపై పరచిన పంట ఎకరములకొలది ఎఱ్ఱగా నెండుచుండ, తలలకు గుడ్డలు చుట్టుకొన్న స్త్రీలు కూర్చుండి తాలుకాయలను వేరుచేయుచుండిరి. ఆ ఘాటు రైలుపెట్టెలోనికిని వ్యాపించి నిద్రించువారిని లేపి దగ్గించెను. ప్రత్తిచేలలో తుదితీత ముగిసినట్లున్నది; మోళ్లకు అక్కడక్కడ దూదిపింజలు చిక్కుకొని మిగిలినవి. శీతకాలమున ఉత్తరదేశములనుండి వలసవచ్చు పిల్లిగద్ద యొకటి ఆ చేలపై మనిషియెత్తునకు మించక, అటునిటు తేలుచు ఎలుకలను వెదకుచుండెను. శావల్యాపురము దాటగనే పడమట మైదానమునుండి ఒంటిగా లేచిన రాతికొండ అగపడెను.

వినుకొండ ప్రాచీనమైన దుర్గము. 1515 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండెత్తివచ్చినప్పుడు అద్దంకి, బెల్లంకొండలతోపాటు దీనిని కైవసము చేసికొనెను. క్రీడాభిరామకర్తయని ప్రసిద్ధికెక్కిన వల్లభరాయని ఇంటిపేరు ఈ యూరిదే. అయినను నేడు ఈ యూరిపేరు తెలుగునాట నలుదెసల మ్రోగుట గుఱ్ఱం జాషువ మహాకవి వలన. 1895 సెప్టెంబరు 28వ తేదీన ఇచట జన్మించిన ఆ కవి, సాలీటిని, గిజిగానిని పద్యములకెక్కించి, 1941లో గబ్బిలమును దూతగా చేసి శివునికి సందేశ మంపెను. దేవాలయద్వారమున మనుష్యుని నిలిపివేసిన సంఘము, లోపల తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలమును నిలుపలేదన్న ఆ ఊహయందలి వేదన చదివినవారిని విడువదు. హంసలను, మేఘములను దూతలుగా చేసిన కవులు పెక్కుమంది. జనులు చీదరించుకొను ప్రాణిపై తన సర్వస్వమును మోపిన కవి యిచట పుట్టెను. ఈ యూరి కొండకు అంటియున్న పురాణకథయు చీదరించుకొనబడిన మరియొక ప్రాణిదే యగుట నాకు మిక్కిలి ఉచితముగా తోచినది.

సీతాపహరణవృత్తాంతమును శ్రీరాముడు ఈ కొండమీదనే వినెనని స్థలపురాణము. ఆ వార్త చెప్పినవాడు జటాయువని కొందరందురు; వాల్మీకియు రామునకు ఆ సమాచారమును గృధ్రరాజు నోటనే చెప్పించెను. లేపాక్షివారికి లేపాక్షిలోనే జటాయువు కూలెను; కేరళవారికి చడయమంగళము కొండపై. ప్రతిప్రాంతమును ఆ పక్షిని తనదిగా చేసికొనగోరినదన్నమాటయే నాకు ముఖ్యము, నిర్ణయముతో పనిలేదు.

ప్రొద్దు వాలకముందే మెట్లదారిని పైకెక్కితిని. ఈ కొండరాయి అగ్నిశిల. దీని వయస్సు నూటయేబది కోట్ల సంవత్సరములకు పైబడినదని భూగర్భశాస్త్రజ్ఞుల లెక్క. అప్పటికి భూమిపై పక్షి లేదు, ఎముకగల జంతువు లేదు, సముద్రమున నా త్రాటిని పట్టిన జీవియు లేదు. ఆ తెగ శిలాజములలో నిస్సంశయముగా కానవచ్చుట సుమారు నలుబదియెనిమిది కోట్ల సంవత్సరముల క్రిందట. పిడుగురాళ్ల ప్రాంతమున పలకలుగా కోయు సున్నపురాయి పూర్వసముద్రముల అడుగున పేరినదే యైనను, అదియు జంతుసంతతి వర్ధిల్లకపూర్వపుది. దానిలో వీనిని వెదకుట వ్యర్థము. తమిళనాటి అరియలూరు రాళ్లలోనైన దొరకును.

రామలింగేశ్వరస్వామి ఆలయమునకు ఆవలి బండపై కూర్చుండగా, ఊరి మాంసపుటంగళ్లపై తిరుగు గద్దలు నా కంటిమట్టమునకు వచ్చి, కొన్ని క్రిందుగ, కొన్ని పైగా చక్రములు తిరుగుచుండెను. ఒకటి పది బారల దూరమున రాతియంచున వ్రాలి, కాలిక్రింద దేనినో అదిమిపట్టి చీల్చుకొని తినసాగెను. పైముక్కు కొక్కెమువలె వంగి క్రిందిదవడను దాటి దిగియుండుట, మాంసమును చీల్చుటకై తల ప్రక్కకు త్రిప్పి లాగుట, ప్రతి ముద్ద పిమ్మటను మెడ పొడుగున గుటకవేయుట స్పష్టముగా కానవచ్చెను. ముందునాడు చూచిన సూక్ష్మశిరస్సులు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆకారము నదియే, కొక్కెము నదియే. కాని ఈ ముక్కు వెనుక కంఠమున్నది, కంఠము వెనుక కడుపున్నది. గద్దయందు ముక్కు కడుపునకు దాసి. సముద్రజీవియందలి ముక్కునకు తన కడుపే లేదు; అది కాపాడునది ఇరుగుపొరుగుల కడుపులను.

అట్లైన జటాయువు ముక్కు ఈ రెంటిలో దేనిది?

అరణ్యకాండను శ్రద్ధగా చదివినవారికి ఒక ఘట్టము మరపునకు రాదు. నెత్తుటితో తడిసి నేలబడియున్న ఆ పెద్దపక్షిని చూచినంతనే రాముడు, సీతను భక్షించినది ఈ గృధ్రరూపరాక్షసుడే యని తలచి, లక్ష్మణునితో అట్లే పలికి, వింట బాణము సంధించెను. రాబందు ముక్కున నెత్తురు కనబడిన, అది తిన్న నెత్తురే యని ఎవరైనను అనుకొందురు; సాక్షాత్తు రామునకును అదే తోచినది. కాని ఆ ముక్కు అటుల నెత్తురైనది రావణుని ఎడమప్రక్క చేతులు పదింటిని పెరికినప్పుడు. వాల్మీకి ఆ యుద్ధమును వర్ణించిన తీరు చూడుడు: ధనుస్సు విరుచుట, మరల ఎత్తిన ధనుస్సునుగూడ విరుచుట, రథమునకు పూన్చిన పిశాచముఖగార్దభములను చంపుట, సారథిని కూల్చుట, తుదకు ముక్కుతో చేతులు తెగలాగుట. అరువదివేల యేండ్ల వృద్ధపక్షి ఇన్నియు చేసినది ఒక్క ముద్ద యాహారమునకై కాదు. పెరికిన చేతులు రావణునకు మరల మొలచెను. రెక్కలు తెగిన పక్షికి మరల మొలవలేదు.

నిజమైన రాబందు ఇట్టి పోరు పోరజాలదు. దాని కాళ్లు డేగకాళ్లవలె పట్టునకు తగినవి కావు, నడచుటకు తగినవి. దాని ముక్కు చచ్చినదానిని చీల్చుటకే గాని బ్రతికినదానిని ఎదిరించుటకు కాదు. ఏడడుగుల రెక్కలు గాలిలో రెక్కాడింపక గంటలకొలది తేలుటకు ఏర్పడినవి. ఆదికవి ఈ సంగతు లెరుగడనుట పొరపాటు. ఎరిగియే, చచ్చినదానిని తిని బ్రతుకునదని లోకము తలచు పక్షికి, పరులకై పట్టి విడువని ముక్కును దయచేసెను. ప్రకృతిలో అట్టి ముక్కు, రాబందు ఆకారముతోనే, తినుటకు నోరైనను లేక, సముద్రగర్భమున ఒక పాచివంటి కుచ్చుపై నిజముగా నుండెనని తెలిసిననాడు నా హృదయము పొంగినది. జటాయువునకు బంధువులను వెదకవలసిన, గృధ్రకులముకంటె ఈ యల్పజీవికులమే ముందు తోచును. ఇట్లనుటచే రాబందును తక్కువ చేయుచున్నానని ఎవరును తలపవలదు. అది చేయు పని వేరు, ఆ పనియు ఊరికి కావలయునదియే.

ఆ పని ఎట్టిదో మెట్లు దిగుచుండగా మేకలు తోలుకొనివచ్చు ముసలివాడొకడు నాకు చెప్పెను. పెద్దయ్యా, ఈ కొండమీద రాబందులుండెడివా యని అడుగగా, చేతికఱ్ఱను మోపి నిలిచి, "ఉండకేం బాబూ. మా చిన్నతనాన గొడ్డు చస్తే ఊరవతల పడేసి వచ్చేవాళ్లం. ఎక్కడినుంచి చూసేవో, మేం ఇల్లు చేరేలోపు దిగేవి. పొద్దుగూకేసరికి ఎముకలు. ఇప్పుడు వారం దినాలు కంపు, కుక్కల గుంపులు. రాబందు మొహం చూసి ఎన్నేళ్లయిందో," అనెను.

ఎన్నేండ్లయినదో దేశమంతటి లెక్క యున్నది. భరతపురమందలి కేవలాదేవ్ పక్షివనమున విభు ప్రకాశ్ ఈ క్షయమును మొదట గుర్తించెను. 1992కును 2007కును నడుమ తెల్లవీపు రాబందులు వేయింటికి ఒక్కటి మిగులునంతగా నశించెను. కారణము మొదట ఎవరికిని అంతుపట్టలేదు. తుదకు పాకిస్తానమున పరిశోధించిన లిండ్సే ఓక్స్ బృందము 2004లో దానిని లోకమునకు వెల్లడించెను: పశువుల నొప్పికి, వాపునకు ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు. ఆ మందు తీసికొని చచ్చిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, యూరికామ్లము తెల్లని పొడిగా అవయవములపై పేరి, దినములలో ప్రాణము పోవును. ఒక్క కళేబరమును పదులకొలది పక్షులు కలసి తినును గనుక, ఒక్క సూది ఒక గుంపును చంపును. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. మనుష్యుల మందుగా వచ్చు పెద్ద సీసాలను పశువులకు మళ్లించుచుండుటచే, 2015లో ఆ సీసాలను మూడు మిల్లీలీటర్లకు కుదించెను. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనువానిని 2023లో పశువైద్యమునుండి తొలగించెను. మెలోక్సికం అను మందు రాబందులకు హానిచేయదని మాత్రము రూఢిపడినది.

ఇక్కడ ఈ రెండు ప్రాణులకు గల మహదంతరము నాకు భయము గొలిపినది. నా త్రాటిపై నున్న నివాసమెల్ల ఒక్క డింభకమునుండి పుట్టినది. అది ఒకచో అతుకుకొని తొలిగది కట్టి, ఆ గదినుండి మొగ్గ తొడిగి మరొకటి, దానినుండి వేరొకటిగా కొలది వారములలో పెరిగినది. ఒక జీవి శిథిలమైనను, అదే గదిలో క్రొత్త జీవి మరల మొలకెత్తును; రావణుని చేతులవలె. జాలరి గీచి పారవైచినను మరుసటి ఋతువునకు పడవ అడుగున మరల సిద్ధము. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టును. పుట్టిన పిల్ల జతకట్టు వయస్సునకు వచ్చుటకు ఐదేండ్లు పట్టును. తెలంగాణమున బెజ్జూరు అడవులలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపుగుట్ట అంచులపై పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుకొనియుండగా 2013లో అటవీశాఖవారు కనుగొనిరి. ఆ కొలది గూళ్లనుండి వినుకొండ ఆకాశమునకు ఒక రాబందు చేరవలెనన్న, ఎన్ని తరముల రైతులు, ఎన్ని వేల గేదెలు, ఎన్ని సూదులు దాటి రావలెనో!

ఊరిలోనికి వచ్చి బస్సుస్టాండు సమీపమున పశువుల మందుల దుకాణమొకటి కనబడగా లోనికి పోయితిని. గేదెకు జ్వరము, వాపు ఉన్న ఏమిత్తురని అడిగితిని. దుకాణదారుడు, "మెలోక్సికం అండీ. డాక్టరుగారు రాసేదీ అదే. డైక్లో పశువులకు ఎప్పుడో ఆపేశారు," అనెను. కీటోప్రోఫెన్ పాతవేమైన మిగిలినవా యని మరల అడుగగా, అరలుచూపి, "చూసుకోండి," అనెను. కాల్షియపు సీసాలు, నట్టలమందు పొట్లములు, మెలోక్సికం తప్ప వేరు లేవు. బల్లపై కూర్చుండి వినుచున్న రైతొకడు, చేతిలో మిరపకాటా చీటీ మడచుచు, "రాబందుకీ మా గేదె సూదిమందుకీ సంబంధం ఏందండీ?" అని అడిగెను. గుంటూరు రైలునకు ఇంకను గంట వ్యవధి యుండెను; ఆయన ప్రక్కనే కూర్చుండి మొదటినుండి చెప్ప నారంభించితిని.